జమ్మిచెట్టెక్కని ఆయుధం

మొన్న దసరాకి కామవరపుకోటలో మా అక్కావాళ్ళింటి వాకిట్లో ట్రాక్టరు కడిగి, పసుపు రాసి బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పక్కన రోటవేటరు, చేతి స్ప్రేయరు, కొడవళ్ళు, గునపాలు. ఆ వరస చివర ఆరు చేతులూ ముడుచుకుని పడుకున్న సాలీడులా మా మేనల్లుడి డ్రోను. పది లీటర్ల ట్యాంకున్న వ్యవసాయ డ్రోను. రెండేళ్ళ కిందట బ్యాంకు అప్పు మీద కొన్నాడు. ఆ చుట్టుపక్కల మొక్కజొన్నకీ పొగాకుకీ మామిడికీ మందు కొడతాడు. వీపుకి పంపు కట్టుకుని మనిషి పూట పూటంతా చేసే పని అతను కొన్ని నిమిషాల్లో ముగిస్తాడు. దానికీ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాడు.

అరుగు మీద కూర్చున్న తాతగారు చూసి అడిగారు. "ఏరా అబ్బాయ్, దాన్ని గునపాల పక్కన పెట్టావా, తుపాకుల పక్కన పెట్టావా?"

ఆయన మా బావగారికి పెదనాన్న వరస. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం మనిషి. అందరూ మిలటరీ మాధవరం అంటారే, ఆ ఊరు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ పట్టాళానికి మనుషుల్ని పంపిస్తూ వచ్చిన ఊరు. ఇంటికొకరన్నా సైన్యంలో ఉంటారనీ, పిల్లలకి మేజరు, సుబేదారు అని పేర్లు పెట్టుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయనీ చెప్పుకుంటారు. తాతగారూ పట్టాళంలో చేసి వచ్చినవారే. ఇప్పుడు రోజూ సాయంత్రం టీవీలో యుక్రెయిన్ చూస్తుంటారు.

"ఇక్కడ తుపాకులెక్కడున్నాయి తాతయ్యా?" అన్నాడు మావాడు నవ్వుతూ.

"అదే అడుగుతున్నాను. మా కోత్‌లో రైఫిలు తీసుకుంటే బట్టు నంబరు రాసి సంతకం పెట్టించుకునేవోళ్ళు. తిరిగి అప్పజెప్తే మళ్ళీ సంతకం. దీనికెవరిదిరా సంతకం?"

"దీనికీ నంబరుంది తాతయ్యా. యూఐఎన్ అంటారు. నాకు పైలట్ సర్టిఫికెట్ కూడా ఉంది."

"అది బండి నంబరురా. నేనడిగేది సంతకం గురించి."

పెద్దాయన చాదస్తం అనుకుని అందరం నవ్వేశాం. ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు మావాడు అసలు సంగతి చెప్పాడు. ఒక కంపెనీ వాళ్ళు పిలిచారట. పొలం డ్రోన్లు కావు. కళ్ళకి గాగుల్స్ పెట్టుకుని, డ్రోను కెమెరా చూసేదే మనమూ చూస్తూ నడిపే చిన్న చిన్న ఎఫ్‌పీవీ డ్రోన్లు. వాటిని నడపడం సైనికులకి నేర్పాలి. జీతం బాగుంది. "నేను రోజూ చేసేదే కదా మావయ్యా. రిమోట్ అలాంటిదే, బొటనవేళ్ళు ఇవే. వెళ్ళమంటావా?"

నాకు వెంటనే ఏమీ తోచలేదు. వద్దనడానికి కారణం దొరకలేదు. వెళ్ళమనడానికి నోరు రాలేదు. ఈ వ్యాసం ఆ రాత్రి చెప్పలేకపోయిన జవాబు కోసం వెతుకులాట.

*

ఇలాంటి ప్రశ్నకి మనందరి దగ్గరా ఒక రెడీమేడ్ జవాబుంది. కత్తితో కూరగాయలూ తరగొచ్చు, పీకా కోయొచ్చు, తప్పు కత్తిది కాదు, చేతిది అని. కత్తి విషయంలో అది నిజమే. ఎందుకంటే అక్కడ కత్తి, చెయ్యి, పీక మూడూ ఒకే చోట ఉంటాయి. ఎవరి చెయ్యో వెతుక్కోనక్కర్లేదు. కానీ ఒక పొలం డ్రోను బాంబు మోసిన రోజున ఆ చెయ్యి ఎవరిది? మోటారు చేసినవాడిదా, ఎగిరే ప్రోగ్రాం రాసి ఉచితంగా నెట్‌లో పెట్టినవాడిదా, ఆన్‌లైన్‌లో అమ్మినవాడిదా, నేర్పినవాడిదా, గాగుల్స్ పెట్టుకున్నవాడిదా? కత్తి సామెత ఇక్కడ జవాబు చెప్పదు. ఎక్కడ వెతకాలో కూడా చెప్పదు.

ఒకప్పుడు వస్తువులు ఎక్కువగా అటు నుంచి ఇటు వచ్చేవి. సైన్యం కోసం పుట్టినవి కాలక్రమంలో మన ఇళ్ళలోకి చేరేవి. జీపీఎస్ అలా వచ్చిందే, ఇంటర్నెట్ మూలాలూ అక్కడివే. మనకి దగ్గర ఉదాహరణ అబ్దుల్ కలాం. హైదరాబాద్‌లో క్షిపణుల మీద పనిచేసే రోజుల్లో, అగ్ని కోసం తయారైన తేలికపాటి పదార్థంతో నిమ్స్‌లో పోలియో పిల్లలకి కాలిపర్లు చేయించారు. మూడు కిలోల పైచిలుకు ఇనప బరువు ఈడ్చుకు నడిచే పిల్లలకి మూడువందల గ్రాముల కాలిపర్లు అందాయి. డాక్టర్ సోమరాజుతో కలిసి చేసిన స్టెంటు కథా అలాంటిదే. ఈ కథలు మనకి ఎందుకు నచ్చుతాయంటే, వాటిలో ఆయుధం కాస్త మెత్తబడి ఇంటికొస్తుంది.

ఇప్పుడు నడక తిరగబడింది. 2000లో జపాన్ ప్రభుత్వం ప్లేస్టేషన్ 2 ఎగుమతుల మీద ఆంక్ష పెట్టింది. పిల్లలు ఆడుకునే పెట్టెలోని చిప్పు క్షిపణికి దారి చూపించడానికి పనికొచ్చేంత చురుగ్గా ఉందన్నది కారణం. పదేళ్ళు తిరిగేసరికి 2010లో అమెరికా వైమానిక దళ పరిశోధనశాల 1,700కు పైగా ప్లేస్టేషన్ 3లను ఒకదానికొకటి తగిలించి సూపర్ కంప్యూటర్ కట్టుకుంది. అదే పని చేసే కంప్యూటర్ విడిగా చేయించుకోవడం కన్నా ఆటబొమ్మలు కొనడం చవక. 2018లో నౌకాదళంలో చేరిన యూఎస్ఎస్ కొలరాడో అనే జలాంతర్గామిలో పెరిస్కోపు పని చేసే కెమెరా స్తంభాన్ని తిప్పేది ఎక్స్‌బాక్స్ కంట్రోలరు. అంతకుముందు వాడిన పరికరం ఖరీదు 38 వేల డాలర్లన్నారు. ఇది అప్పట్లో దుకాణంలో 30 డాలర్లకి దొరికేది.

డబ్బు కలిసొచ్చిందన్నది అందరూ చెప్పుకునే సంగతి. నన్ను ఆపింది ఆ వార్తలోని ఇంకో ముక్క. పాత పరికరం నేర్పడానికి గంటలు పట్టేదట. కంట్రోలరు చేతికిస్తే కుర్ర నావికులు నిమిషాల్లో పట్టేశారట. అంటే నౌకాదళం కొన్నది ముప్ఫై డాలర్ల ప్లాస్టిక్ ముక్కని మాత్రమే కాదు. ఆ కుర్రాళ్ళు చిన్నప్పటి నుంచి సోఫాల్లో కూర్చుని వేల గంటలు ఆడి బొటనవేళ్ళలో పోగుచేసుకున్న అలవాటు కూడా దాంతోపాటు వచ్చింది. దానికి ధర ఎవరూ కట్టలేదు. మావాడి విషయంలో ఆ కంపెనీకి కావలసింది కూడా అదే. కామవరపుకోట మొక్కజొన్న చేల మీద రెండేళ్ళుగా అప్పు తీరుస్తూ అతని వేళ్ళు నేర్చుకున్న పని.

*

దసరా మర్నాడు మావాణ్ణి తీసుకుని గుంటుపల్లి వెళ్ళాను. కామవరపుకోట మండలంలోనే, జీలకర్రగూడెం దగ్గర కొండ మీద బౌద్ధ గుహలున్నాయి. క్రీస్తుకు పూర్వపు నాటివి. అక్కడ గుండ్రటి చైత్యం ఒకటుంది. లోపలికెళ్ళి తలెత్తి చూస్తే పైకప్పులో వాసాలు కనిపిస్తాయి, మన పూరిళ్ళలో ఉన్నట్టే. అన్నీ రాతిలో చెక్కినవి. ఇల్లు ఎలా ఉంటుందో అలాగే కొండని తొలిచారు.

అక్కడ కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. బౌద్ధంలో సమ్యక్ ఆజీవం ఒక మెట్టు. అంటే సరైన బతుకుతెరువు. అంగుత్తర నికాయంలో గృహస్థులు చేయకూడని వ్యాపారాలని ఐదు చెప్పారు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. మావాడికి చెబితే వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "విషం అయితే నేను రోజూ చల్లుతున్నాను కదా మావయ్యా," అన్నాడు. నిజమే. పురుగుమందు అంటాం, మందు అంటాం. ఆ మందు తాగి పోయిన రైతులున్న జిల్లాల వాళ్ళం మనం. పేరు మార్చుకుని బతికేస్తున్నాం.

ఆ ఐదింటి జాబితా మీద నాకు గౌరవం ఉంది. కానీ దాని వెనక ఒక నమ్మకం ఉంది. అమ్మేవాడికి తను ఏం అమ్ముతున్నాడో తెలుసు అన్న నమ్మకం. దుకాణంలో వస్తువుని చూడగానే అది ఆయుధమో కాదో చెప్పగలిగిన కాలంలో పుట్టిన జాబితా అది. బాణం బాణంలా ఉండేది. బాణాలమ్మేవాడు రాత్రి పడుకునే ముందు తనేం చేస్తున్నాడో తెలిసే పడుకునేవాడు.

ఇప్పుడు ఆ జాబితా పట్టుకుని ఎవరి దుకాణం ముందు నిలబడాలి? షెన్‌జెన్‌లోని డీజేఐ కంపెనీ పెళ్ళిళ్ళకీ సినిమాలకీ పొలాలకీ పనికొచ్చే డ్రోన్లు చేస్తుంది. మావి పౌర అవసరాల కోసమే అంటుంది. 2022 ఏప్రిల్‌లో రష్యాలోనూ యుక్రెయిన్‌లోనూ వ్యాపారం ఆపేశామని ప్రకటించింది కూడా. అయినా వాళ్ళ డ్రోన్లు వేరే దేశాల మీదుగా, చేతులు మారి రెండువైపులకీ చేరుతూనే వచ్చాయి. వద్దన్నా చేరే సరుకు అమ్మడం ఐదింట్లోకి వస్తుందా? మన దగ్గరికొద్దాం. '3 ఇడియట్స్'లో హాస్టల్ కిటికీ దాకా ఎగిరి, ఉరేసుకున్న కుర్రాడిని చూపించే డ్రోను గుర్తుందా? సినిమాకి ఆ డ్రోను చేసిచ్చింది ఐఐటీ బాంబే కుర్రాళ్ళు పెట్టిన ఐడియాఫోర్జ్. 2021లో మన సైన్యం నిఘా డ్రోన్ల కోసం సంతకం చేసిన కాంట్రాక్టు వాళ్ళతోనే. గ్రోమోర్ దుకాణం తెలియని రైతు మన జిల్లాల్లో ఉండడు. ఆ దుకాణాల కోరమండల్ కంపెనీకి చెన్నైలో దక్ష అనే అనుబంధ సంస్థ ఉంది. అది పొలాలకీ డ్రోన్లు చేస్తుంది, రక్షణ రంగానికీ చేస్తుంది. ఇందులో దాచిందేమీ లేదు, తప్పనీ నేననను. ఒకే కప్పు కింద రెండూ తయారవుతున్నాయి, అంతే. గుంటుపల్లిలో భిక్షువుని అడిగితే ఏ గది ముందు ఆగి వద్దంటాడో నాకు తెలియలేదు.

*

తాతగారి ప్రశ్న నన్ను వదలకపోవడానికి ఇంకో కారణం ఆ రోజు దసరా కావడం. సాయంత్రం జమ్మికొట్టి, ఆకు పెద్దల చేతుల్లో పెట్టి దణ్ణం పెట్టుకునే పండగ. ఆ చెట్టు కథ అందరికీ తెలుసు. అజ్ఞాతవాసానికి వెళ్ళేముందు పాండవులు తమ ఆయుధాలన్నీ మూటకట్టి శ్మశానం పక్కన జమ్మిచెట్టు మీద పెట్టారు. ఎవరూ ముట్టుకోకుండా శవాన్ని కట్టారు. తర్వాత విరాటుడి కొలువులో వంటవాడిగా, నాట్యం నేర్పేవాడిగా, గుర్రాలు కాసేవాడిగా ఏడాది బతికారు.

దీన్ని దాచుకోవడం కథగానే వింటూ వచ్చాను. ఇప్పుడు ఇంకోలా వినిపిస్తోంది. ఆయుధాన్ని దించి ఒక చోట పెట్టొచ్చు. పెట్టాక ఆ చేతులు వేరే పని చేసుకోవచ్చు. ఆయుధానికీ వంటింటి గరిటెకీ మధ్య ఊరంత దూరం ఉండాలని, ఆ దూరాన్ని శవం వాసనతో కాపాడాలని ఆ కథకి తెలుసు. తిరిగి దించేటప్పుడు ఏం జరిగిందో కూడా చూడాలి. ఉత్తరుడు చెట్టెక్కి మూట విప్పి బెదిరిపోయి, ఇవి ఎవరివని ఒక్కొక్కటీ అడుగుతాడు. అర్జునుడు ఇది ఫలానావారిది, ఇది ఫలానావారిది అని పేరుపేరునా చెప్తాడు. గోవుల్ని మళ్ళించడానికి వేళ మించిపోతున్నా, అవతల కౌరవసేన నిలబడి ఉన్నా, ముందు ఆ పని జరుగుతుంది. తాతగారి కోత్ రిజిస్టరూ ఇదే కదా. ఏ ఆయుధం, ఎవరిది, ఎవరి చేతికిచ్చారు.

మావాడి డ్రోనుని ఏ జమ్మిచెట్టు మీద పెట్టగలం? పొద్దున్నే పొలానికెళ్ళాలి. జేబులో ఫోను శ్మశానం పక్కన వదిలి ఏడాది తిరగలేం. సెలవు మీద ఊరొచ్చిన మాధవరం కుర్రాడు రైఫిలుని యూనిట్‌లో అప్పజెప్పి వస్తాడు. ఫోను మాత్రం వెంట వస్తుంది. 2020లో మన సైన్యం జవాన్లని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, పబ్జీ సహా 89 యాప్‌లు తీసేయమన్నది అందుకే. అంతకు రెండేళ్ళ ముందు, పరుగు లెక్కపెట్టుకునే స్ట్రావా యాప్ విడుదల చేసిన మ్యాపులో అమెరికన్ సైనిక స్థావరాల ఆనవాళ్ళు వెలుగుగీతల్లా బయటపడ్డాయి. పొద్దున్నే జాగింగ్ చేసిన సైనికులే గీశారవి, తెలియకుండా.

ఆయుధాన్ని ఆయుధంగా గుర్తుపట్టలేకపోతే సైన్యానికొచ్చే ఇబ్బంది సైన్యం చూసుకుంటుంది. మామూలు మనుషులకొచ్చే ఇబ్బంది గురించి తక్కువ మాట్లాడుకుంటాం. కేసియో ఎఫ్-91డబ్ల్యూ అని నల్ల ప్లాస్టిక్ వాచీ ఒకటుంది. 1989లో వచ్చింది. మనలో చాలామంది చేతికి కట్టిన మొదటి డిజిటల్ వాచీ అదో, దాని నకలో. టైం బాంబులకి వాడతారన్న పేరు దానికొచ్చింది. గ్వాంటనామో ఖైదీల ఫైళ్ళలో, ఫలానా వ్యక్తి దగ్గర ఆ వాచీ దొరికిందన్నది అనుమానానికి ఒక ఆధారంగా రాశారు. పదోతరగతి పాసైతే మేనమామ కొనిపెట్టే వాచీ అది.

2024 సెప్టెంబర్ 17న లెబనాన్‌లో పేజర్లు పేలాయి. మర్నాడు వాకీటాకీలు. గురి హిజ్బుల్లా మనుషుల మీద. అయితే పేజరు కిరాణా దుకాణంలోనూ ఇంట్లోనూ కూడా మోగుతుంది. చనిపోయినవాళ్ళలో పిల్లలున్నారు. చూడ్డానికి హాని లేనట్టు కనిపించే వస్తువుల రూపంలో తయారుచేసిన పేలుడు పరికరాలు వాడకూడదని 1996లో సవరించిన అంతర్జాతీయ ఒప్పందం ఒకటి ఉంది. ఆ నియమం రాసినవాళ్ళు బహుశా పిల్లల బొమ్మల్ని మనసులో పెట్టుకుని రాసి ఉంటారు. కానీ దాని వెనక ఉన్న సంగతి ఇంకా పెద్దది. మామూలు వస్తువు మామూలుగానే ఉంటుందన్న నమ్మకం మీద మనం రోజూ నిద్ర లేస్తాం. అది పోతే పక్కింటివాడి చేతిలో ఉన్నదాన్ని చూసి భయపడాలి. మనని చూసి అతనూ భయపడాలి. 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరిగిన రోజుల్లో సరిహద్దు జిల్లాల్లోనూ ముంబయి లాంటి నగరాల్లోనూ డ్రోన్లు ఎగరేయొద్దని ఉత్తర్వులు వచ్చాయి. అది సబబే. 2021 జూన్‌లో జమ్మూ వైమానిక స్థావరం మీద చిన్న డ్రోన్లతో బాంబులు వేసిన అనుభవం ఉంది మరి. కాకపోతే ఆ రోజుల్లో ఆకాశంలో కనిపించేది పెళ్ళి డ్రోనా, పొలం డ్రోనా, ఇంకోటా అని కింద నుంచి చూసి చెప్పగలిగినవాడు లేడు.

*

ఇంతవరకూ రాసి, ఆయుధం అంటే బరువుగా, ఖరీదుగా, చూడగానే తెలిసేలా ఉండాలని తేల్చేద్దామనుకున్నాను. ఆ బరువే ఒక రకమైన మనస్సాక్షి అని కూడా రాశాను. తర్వాత కొట్టేశాను. అది బలిసినవాళ్ళ నీతి.

ఆయుధం ఖరీదుగానే ఉండాలంటే ఖరీదు పెట్టగలిగినవాడి దగ్గరే ఉండాలని అర్థం. మన తాతలు కూలికోసం ఓడెక్కి వెళ్ళి 'రంగం' అని పిలుచుకున్న దేశం ఉంది, ఇప్పటి మయన్మార్. 2021లో సైన్యం అధికారం లాక్కున్నాక, యుద్ధవిమానాలున్న ఆ సైన్యాన్ని ఎదిరించిన దళాలు పొలాల్లో మందు కొట్టే డ్రోన్లకే బాంబులు కట్టాయి. మావాడి వాకిట్లో దండ వేసుకుని కూర్చున్నది ఉందే, దాదాపు అలాంటిదే. వాళ్ళ ఊరి మీద విమానం బాంబులేస్తుంటే, మీ డ్రోనుని గునపాల పక్కన పెట్టుకోండి అని చెప్పే హక్కు నాకు లేదు. యుక్రెయిన్‌లో చందాలేసుకుని డ్రోన్లు కొని పంపినవాళ్ళలో టీచర్లున్నారు, పెన్షనర్లున్నారు.

దేశాల సంగతి వదిలి మాధవరం వద్దాం. 1991 గల్ఫ్ యుద్ధంలో సైన్యం ఇచ్చే జీపీఎస్ పరికరాలు అందరికీ చాలలేదు. ఎడారిలో దారి తప్పకుండా అమెరికన్ సైనికులు మార్కెట్లో దొరికేవాటిని సొంత డబ్బుతో, ఇంటివాళ్ళ చేత తెప్పించుకున్నారు. కొడుక్కి అలాంటిది పార్శిల్ చేసిన తల్లి ఆయుధం పంపిందా? ఈ మాట తాతగారినే అడిగాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"పిల్లోడి పేణం కాపాడేదేదైనా పంపుతాది తల్లి. నేనైనా పంపుతాను. కుర్రోడు గోడ అవతలికి తల పెట్టి చూసే బదులు ఆ బొమ్మ వెళ్ళి చూసొస్తే మంచిదే కదా?"

"మరి ఆ రోజు మావాణ్ణి అలా అడిగారేంటండి?"

"వద్దన్నానా? సంతకం ఎవరిదన్నాను."

*

సంతకం అంటే ఏమిటో నాకు కాస్త కాస్తగా అర్థమైంది. ఆ కోత్ రిజిస్టరు వల్ల రైఫిలు మంచిదైపోదు, యుద్ధం న్యాయమైపోదు. సంతకం పెట్టి తీసుకున్న రైఫిళ్ళతో ఎన్నో అన్యాయాలు జరిగాయి. కానీ ఆ గీత గీసిన క్షణంలో ఒక మనిషి ఆగుతాడు. ఇప్పటిదాకా నా చేతిలో ఉన్నది వేరు, ఇక నుంచి ఉండేది వేరు అని ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలు ఒక పేరు మీద నిలుస్తుంది. తప్పు జరిగిన రోజున వెతుక్కుంటూ రావడానికి ఒక గుమ్మం ఉంటుంది.

దుకాణంలో దొరికే వస్తువు యుద్ధానికి వెళ్ళినప్పుడు తప్పిపోయేది ఆ క్షణమే. మోటారు మోటారుగానే ఉంటుంది, రిమోట్ రిమోట్‌గానే. ఎవరి దగ్గరా ఏమీ మారినట్టు అనిపించదు. ప్రోగ్రాం రాసినవాడికి అది ప్రోగ్రాం, అమ్మినవాడికి పార్శిల్, నేర్పేవాడికి క్లాసు, గాగుల్స్ పెట్టుకున్నవాడికి రోజూ చూసిన స్క్రీను. బాధ్యత అందరికీ పంచేసరికి ఒక్కొక్కరికి వచ్చిన వాటా చేతికి తెలియనంత పలచనైపోతుంది. తేలిగ్గా ఉండటమే ఈ ఆయుధం అసలు గుణం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, పడవలు వెళ్ళలేని సందుల్లో డాబాల మీదున్నవాళ్ళకి డ్రోన్లే అన్నం పొట్లాలూ పాలూ మందులూ మోసుకెళ్ళాయి. ఆ తర్వాతి నెల అదే ఊళ్ళో పున్నమిఘాట్ మీద 5,500 డ్రోన్లు రంగులు వెదజల్లుతూ ఆడితే ఊరంతా తలెత్తి చూసింది. 2025 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లాలోని పరీక్షా కేంద్రంలో డీఆర్‌డీవో లేజరుతో డ్రోన్‌ని కూల్చి చూపించింది. జూలైలో అక్కడే డ్రోన్ మీద నుంచి క్షిపణి వదిలింది. ప్రభుత్వం డ్రోన్ సిటీ కడతానంటున్న ఓర్వకల్లు కూడా ఆ జిల్లాలోదే. పురుగుమందు, పాలపొట్లం, బాంబు. మోసే యంత్రానికి అన్నీ కిలోల లెక్కే. బరువులో తేడా యంత్రానికి తెలియదు. ట్యాంకు విప్పేసి దాని స్థానంలో ఇంకోటి బిగించే చెయ్యి ఒకటుంటుంది. తేడా తెలియాల్సింది ఆ చేతికీ, ఆ చేతికి నేర్పినవాడికీ.

కాబట్టి మావాడికి చెప్పాల్సిందేమిటో తెలిసింది. వెళ్ళడం తప్పు కాదు. దేశానికి కాపలా కాసేవాళ్ళకి పని నేర్పడం గౌరవమైన పనే. మాధవరం వియ్యం అందుకున్న ఇంట్లో దానికి వేరే మాట ఉండదు. కానీ "నేను రోజూ చేసేదే కదా" అనుకుంటూ వెళ్ళడం తప్పు. రోజూ చేసేది కాదది. అక్కడ నేర్చుకున్న కుర్రాడు స్క్రీను మీద చూసేది కత్తెర పురుగుని కాదు, పరిగెత్తే మనిషిని. ఆ మనిషి మీదకి వెళ్ళే చివరి క్షణం దాకా కెమెరా చూపిస్తుంది. ఆ చూపు నేర్పేవాడు పొలం నుంచి ఇంకోచోటికి వచ్చానని తెలుసుకుని, మూట విప్పి, ఇది ఫలానాది, ఇది నాది అని చెప్పుకుని మొదలుపెట్టాలి. దుకాణం చెప్పదు, కంపెనీ చెప్పదు. తనే చెప్పుకోవాలి.

ఫోన్లో ఇదంతా చెప్పాను. చాలాసేపు విన్నాడు. "బొటనవేలికి ఇవన్నీ తెలీవు కదా మావయ్యా," అన్నాడు చివరికి. తెలీవు, అందుకే నీకు చెప్తున్నానన్నాను.

పోయిన వారం ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాడు. జీతం, సెలవులు, ఉండే చోటు అన్నీ మాట్లాడుకున్నాక, అడగడానికేమన్నా ఉందా అన్నారట. ఒకటుందన్నాడట. "మేం నేర్పించినవాళ్ళు ఎక్కడన్నా పొరపాటున వేరేవాళ్ళ మీద వేస్తే, ఆ రిపోర్టులో నేర్పినవాళ్ళ పేర్లు రాస్తారాండి?"

అక్కడున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారట. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, కనుక్కుని చెప్తామన్నారట. మావాడు తిరిగొచ్చి మొక్కజొన్నకి మందు కొడుతున్నాడు. వాళ్ళ దగ్గర్నుంచి ఫోను ఇంకా రాలేదు.